ఐదింటికి ఇంటికి పోతామన్నాం



మే నెల వచ్చిందంటే మా చింతలపూడి వైపు ఏ ఇద్దరు కలిసినా మాట మామిడికాయ దగ్గరే మొదలవుతుంది. కాపు ఎలా ఉంది, గాలివానకి ఎంత రాలింది, నున్న మార్కెట్లో టన్ను ఎంత పలుకుతోంది, బంగినపల్లి ముందు కోద్దామా కలెక్టరు కాయ ముందు కోద్దామా. ఇవన్నీ మా నాన్నల కాలం నుంచీ ఉన్న మాటలే. కొన్నేళ్లుగా వీటికి ఇంకో ప్రశ్న తోడైంది. "కోతకి ఎవర్ని పెట్టావు? మనోళ్లనా, బయటోళ్లనా?"

అడిగేవాడి గొంతులో కాస్త నిష్ఠూరం ఉంటుంది. చెప్పేవాడి గొంతులో కాస్త సంజాయిషీ ఉంటుంది. ఆ నిష్ఠూరం గురించీ, ఆ సంజాయిషీ గురించీ ఈ పూట మీతో మాట్లాడదామని వచ్చాను.

చింతలపూడి ఏలూరు జిల్లాకి ఉత్తరపు కొస. రోడ్డు పట్టుకుని ఇంకాస్త పైకి పోతే సత్తుపల్లి, అంటే ఖమ్మం జిల్లా, వేరే రాష్ట్రం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు కృష్ణా జిల్లా నుంచి నూజివీడు మా ఏలూరు జిల్లాలోకి వచ్చింది. రసాల ఊరూ మేమూ కాగితాల్లో కూడా ఒకే ఇంటివాళ్లమయ్యాం. మాది మెట్ట. ఎర్రనేల. బోరు పలికితే పంట, లేకపోతే మంట. మామిడి, జీడిమామిడి, మొక్కజొన్న, పొగాకు, ఇప్పుడు వీటన్నిటి సరసన పామాయిల్.

మామిడికాయ కోయడం చూసేవాళ్లకి సులువుగా కనిపిస్తుంది. చేతికందే కాయ చేత్తో కోస్తారు. అందనిదానికి చిక్కం. పొడుగాటి కర్ర, చివర చిన్న వల. ముచ్చికతో సహా తెగాలి. ముచ్చిక ఊడితే సొన కారుతుంది, కారిన చోట తొక్క మాడి నల్లటి చార పడుతుంది. ఆ చార కనిపిస్తే వ్యాపారి కాయని పక్కకి నెట్టేస్తాడు. చిక్కంలోంచి జారి నేలన పడ్డ కాయ ధర కూడా నేలన పడ్డట్టే. ఇదంతా ఎండ ముదరకముందో, ఎండ తగ్గాకో జరగాలి. పైగా సొన చేతిమీద పడితే పొక్కులు వస్తాయి.

పామాయిల్ సంగతి ఇంకో రకం. ఎదిగిన చెట్టుకి పొడవాటి గొట్టం చివర కొడవలి బిగించి, తల వెనక్కి వాల్చి, పైనున్న గెలని కోయాలి. ఒక్కో గెల ఇరవై కిలోలు దాటి ఉంటుంది. పడేటప్పుడు పక్కకి తప్పుకోవడం తెలియాలి. కోసిన గెల ఇరవై నాలుగు గంటల్లో మిల్లుకి చేరకపోతే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత పడిపోతుంది. మామిడికి ఏడాదికొక కోత. పామాయిల్‌కి పది పదిహేను రోజులకొకటి, ఏడాది పొడవునా. దేశంలో పామాయిల్ పరిశోధన సంస్థ మాకు దగ్గర్లో, పెదవేగిలోనే ఉంది. ఆ పంట మా నేలకి ఎంతగా అలవాటైందో దాన్నిబట్టే తెలుస్తుంది. ఎటొచ్చీ గెల కోసే మనుషులు ఆ జోరుతో పెరగలేదు.

అందుకని బయటి ముఠాలు వచ్చాయి. ఛత్తీస్‌గఢ్ నుంచి, ఒడిశా నుంచి, బీహార్ నుంచి. తోటలోనే షెడ్డు. అక్కడే వంట, అక్కడే పడక. మిరప కోతలకి సరిహద్దు అవతల ఖమ్మం చేలల్లోకి కూడా ఛత్తీస్‌గఢ్ కుటుంబాలు వస్తాయి. తెలంగాణలో వరినాట్లకి బెంగాల్ ముఠాలు దిగడం కొత్త వార్త కాకుండా పోయింది.

ఇక తగువు. రైతు మాట ఇది: "మనోళ్లు పనికి రావట్లేదండీ. వచ్చినా పది గంటలకి వస్తారు. పెళ్లంటారు, తద్దినమంటారు. బయటోళ్లు అలా కాదు. పిలిస్తే పలుకుతారు." ఊరి కూలీ మాట ఇది: "మా నోటికాడ కూడు వాళ్లు లాక్కుపోతున్నారు. వాళ్లొచ్చాక మా రేటు పెరగడం ఆగిపోయింది."

ఈ రెండు మాటలూ నేను చాలాసార్లు విన్నాను. నాది చిన్న తోట. నేను కూడా మొదటి మాటే అంటూ ఉండేవాణ్ణి. ఒక వేసవిలో, మా తోటకి ఏళ్ల తరబడి ముఠా కట్టుకొచ్చే ఒక ఆడమనిషి సంతలో కనిపించింది. "ఏమ్మా, ఈ ఏడు మీ వాళ్లు రామన్నారటగా" అన్నాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. "రామని ఎవరన్నారు బాబాయ్? ఐదింటికి ఇంటికి పోతామన్నాం. అంతే" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు.

ఆవిడకి ఇంటి దగ్గర పొయ్యి ఉంది, బడి నుంచి వచ్చే పిల్లలున్నారు, మంచం మీద అత్త ఉంది. అందుకని ఐదు కొట్టేసరికి చిక్కం పక్కన పెట్టి పోవాలి. షెడ్డులో ఉండే కుర్రాడికి పోవడానికి ఇల్లు లేదు. లారీ రాత్రి ఎనిమిదింటికి వచ్చినా వాడు లేస్తాడు. తెల్లారి నాలుగింటికి వచ్చినా లేస్తాడు. అడ్వాన్సు వాడి ఊళ్లో వాడి అమ్మ చేతికి ముందే అందింది. తిరుగు ప్రయాణం డబ్బు ముఠాని తెచ్చిన మేస్త్రీ దగ్గర ఉంది. వాడు కాదనలేడు. నేను ఇన్నాళ్లూ మెచ్చుకున్నది వాడి కష్టపడే గుణాన్ని అనుకున్నాను. నిజానికి నాకు నచ్చింది వాడు కాదనలేకపోవడం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇక్కడ పెరటి చెట్టు చేసిన తప్పల్లా, దానికి వేళ్లు ఉండటమే.

శ్రోతలారా, ఈ తగువు మన తోటల్లో పుట్టిందేమీ కాదు. ఇందులో మనం రెండు వైపులా నిలబడినవాళ్లం. మనమే బయటివాళ్లుగా ఉన్న కాలం ఒకటి చెబుతాను.

మన తాతలు రంగం పోయేవారు. రంగం అంటే రంగూన్, అప్పటి బర్మా రాజధాని. కాకినాడ నుంచి, విశాఖపట్నం నుంచి స్టీమరు ఎక్కి, డెక్కు మీద మూటలతో పాటు కూర్చుని బంగాళాఖాతం దాటేవారు. ధాన్యం మిల్లుల్లో, రేవులో, రిక్షా లాగడంలో, నగరం శుభ్రం చేయడంలో తెలుగువాళ్లే ఎక్కువ. మన కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగు కూలీలందరినీ కోరంగీలనే పిలిచేవారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి మించి భారతీయులే.

వాళ్లని తీసుకెళ్లేది మేస్త్రీ. స్టీమరు టికెట్టు అతనే కొంటాడు. ఇంటి దగ్గర అడ్వాన్సు అతనే ఇస్తాడు. ఆ బాకీ తీరేదాకా మనిషి అతనివాడు. కూలి డబ్బు కంపెనీ నుంచి మేస్త్రీ చేతికి, మేస్త్రీ చేతిలోంచి కోతలు పోను కూలీ చేతికి. ఒక గదిలో పట్టినంతమంది పడుకునేవారు. పెళ్లాం పిల్లలు ఇక్కడ, మగవాళ్లు అక్కడ. వేళ కాని వేళ ఓడ వచ్చినా సరుకు దించడానికి మనుషులు సిద్ధం. రంగూన్ వ్యాపారులకి ఇలాంటి మనిషి కావలసి వచ్చాడు. పక్క పల్లెలో భార్య, పొలం, పగోడా దగ్గర పండగ ఉన్న బర్మా మనిషి ఆ పనికి దొరకలేదు.

1930 మే నెలలో ఆ తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల్లోంచి సరుకు దించే కంపెనీలు ఏం చేశాయి? వాళ్ల స్థానంలో బర్మా కూలీలని తెచ్చి పెట్టాయి. అంతకుముందు వాళ్లకి ఆ రేవులో చోటు ఇచ్చినవాళ్లు లేరు. సమ్మెని విరగ్గొట్టడానికి వాళ్లు పనికొచ్చారు. కొన్నాళ్లకి కంపెనీలకీ తెలుగు కూలీలకీ రాజీ కుదిరింది. మే 26 ఉదయం బర్మా కూలీలు ఎప్పట్లాగే రేవుకి వచ్చారు. మీకు ఇక పని లేదు పొమ్మన్నారు. పనిలోకి తిరిగొచ్చిన మనవాళ్లు కొందరు వాళ్లని చూసి ఎగతాళి చేశారని అంటారు. మాట మాటా పెరిగింది. చేతికందినదల్లా ఆయుధమైంది. కొద్ది రోజుల్లో రంగూన్ వీధుల్లో అధికారుల లెక్క ప్రకారమే వందమందికి పైగా చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. పోయినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లు.

ఈ కథని మనం చెప్పుకునేటప్పుడు బర్మావాళ్లు మనల్ని చంపారని చెప్పుకుంటాం. అది నిజమే. కానీ ఆ ఉదయం అన్నం మూట పట్టుకుని పనికి వచ్చి, గేటు దగ్గర నుంచి వెనక్కి తిరిగిన బర్మా కూలీ సంగతి కూడా చెప్పుకోవాలి. అతనిది అతని ఊరు. అతని కళ్లముందే ఓడలు వచ్చాయి, ధాన్యం వెళ్లింది, డబ్బు మారింది. అతనికి మాత్రం ఆ రేవులో చోటు లేదు. ఆ కోపం పోవలసిన చోటు కంపెనీ ఆఫీసు. అది పోయింది పక్కనున్న కోరంగీ మీదకి. ఆఫీసుకి ఇనుప గేటు ఉంది. కోరంగీకి చొక్కా కూడా లేదు.

1937లో బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. 1938లో మళ్లీ అల్లర్లు జరిగాయి. వలసల మీద విచారణ జరిపిన బాక్స్‌టర్ 1941లో తన నివేదికలో ఒక మాట చెప్పాడు. భారతీయ కూలీలు బర్మావాళ్ల పనికి తోడుగా వచ్చారే తప్ప, మొత్తం మీద వాళ్లని తోసేసి రాలేదని దాని సారం. అప్పటికే చాలా ఆలస్యమైపోయింది. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు రంగూన్ మీద పడ్డాయి. లక్షలమంది అడవులు దాటుకుంటూ కాలినడకన బయల్దేరారు. దారిలో ఎందరో రాలిపోయారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకి సైనిక ప్రభుత్వం దుకాణాలనీ వ్యాపారాలనీ జాతీయం చేసినప్పుడు మిగిలినవాళ్లు కూడా వచ్చేశారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అని ఇప్పటికీ ఒక పేట ఉంది. ఎప్పుడైనా అటు వెళితే ఆ పేరు చూసి కాసేపు నిలబడండి.

సముద్రం దాటకుండా కూడా మనం పరాయివాళ్లమయ్యాం. మా చింతలపూడి నుంచి ఉత్తరంగా సరిహద్దు దాటితే ఒకప్పుడు నైజాం. అక్కడ 1919 నాటి ముల్కీ నిబంధనలు. పదిహేనేళ్లు అక్కడ ఉన్నవాడికే సర్కారు కొలువు. 1952లో హైదరాబాద్‌లో నాన్ ముల్కీల మీద, అంటే బయటివాళ్ల మీద, విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, కాల్పులు జరిగాయి. 1969 తెలంగాణ ఉద్యమం మీకు తెలిసిందే. అప్పుడు మా వైపు నుంచి వెళ్లినవాళ్లు "మేమూ తెలుగువాళ్లమే కదా, మేం బయటివాళ్లం ఎలా అయ్యాం" అని నొచ్చుకున్నారు. భాష ఒకటైనా పళ్లెం ఒకటి కాదు కదా అని అవతలివాళ్లు అన్నారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. పక్క జిల్లావాడు బయటివాడైనప్పుడు, పక్క రాష్ట్రంవాడి సంగతి చెప్పేదేముంది?

ఇప్పుడు కువైట్‌కి వద్దాం. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి ఆడవాళ్లు ఎందరు అక్కడి ఇళ్లలో పనికి వెళ్లారో, ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. ఖద్దామా వీసా, అంటే ఇంటిపని వీసా, అన్న మాట మా ఊళ్లో అక్షరం రానివాళ్లకి కూడా వచ్చు. కువైట్ లాంటి గల్ఫ్ దేశాల్లో కఫాలా అనే పద్ధతి ఉంది. అంటే యజమాని పూచీ మీదే మనిషి ఆ దేశంలో ఉండాలి. యజమానిని వదిలేస్తే దేశాన్నీ వదిలేసినట్టే. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండటం చట్టం ఒప్పుకున్న పని కాదు. అయినా ఆ బీరువాల్లో మన ఆడపిల్లల పాస్‌పోర్టులు ఎన్నో ఉన్నాయి.

ఇక్కడొక విచిత్రం చూడండి. సౌదీ అరేబియా తన కుర్రాళ్లకి ఉద్యోగాలు లేవని 2011లో నితాఖత్ అనే పద్ధతి పెట్టింది. ఏ కంపెనీలో ఎంతమంది సౌదీలున్నారో చూసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని రంగులు వేసింది. 2013లో తనిఖీలు బిగించినప్పుడు మనవాళ్లు వేలమంది పెట్టెలు సర్దుకున్నారు. అయినా కంపెనీలకి బయటివాడి మీద మక్కువ చావలేదు. ఎందుకని? సౌదీ కుర్రాడు జీతం నచ్చకపోతే ఇంకో కంపెనీకి పోయేవాడు. అప్పట్లో తెలుగు కుర్రాడు పోలేకపోయేవాడు. పోలేనివాడు పక్కన ఉన్నంతకాలం పోగలవాడికి గిరాకీ ఉండదు. బయటివాడిని కట్టేసిన తాడే, లోపలివాడి మెడకి కూడా చుట్టుకుంటుంది. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసం ఒక చట్టం చేసింది. వారానికి ఒక సెలవు ఉండాలంది, పని మానేసేటప్పుడు కొంత మొత్తం ఇవ్వాలంది. గల్ఫ్‌లో అది మంచి మొదలే. అయితే యజమాని పూచీ అనే తాడు మాత్రం తెగలేదు.

మరి అమెరికా? నూజివీడులో 2008లో ట్రిపుల్ ఐటీ పెట్టారు. పల్లెల్లో పదో తరగతి బాగా రాసిన పిల్లలకి అక్కడ సీటు. మామిడితోటల కాపలాదార్ల పిల్లలు కంప్యూటర్ ఇంజనీర్లయ్యారు. మన జిల్లాల్లో ఏ ఊరికెళ్లినా ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు హెచ్ వన్ బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నారు. 1990 నాటి చట్టంతో వచ్చిన ఈ వీసాలు కంపెనీలకి ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చదివినవాళ్లకి ఇంకో 20,000. అందులో అన్నిటికన్నా పెద్ద వాటా మన దేశానిదే.

అమెరికావాడి ఫిర్యాదు ఏమిటి? మా ఉద్యోగాలు తక్కువ జీతానికి బయటివాళ్లకి ఇస్తున్నారని. ఊరికే అన్న మాట కాదు. ఫ్లోరిడాలోని డిస్నీలో దాదాపు 250 మంది సాంకేతిక ఉద్యోగుల్ని తీసేశారనీ, పోయేముందు తమ పని వీసా మీద వచ్చినవాళ్లకి నేర్పించి పొమ్మన్నారనీ 2015లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. తన కుర్చీలో కూర్చోబోయేవాడికి తనే పాఠం చెప్పాల్సి వచ్చిన మనిషి మనసు ఎలా ఉంటుందో మనం ఊహించుకోవాలి. మన పిల్లవాడు ఆ కుర్చీలో కూర్చున్నాడు కాబట్టి ఊహించుకోవడం మానేయకూడదు.

కానీ మన పిల్లవాడి సంగతి కూడా చూడాలి. అక్కడి చట్టం ప్రకారం అతనికి ఆ ఊళ్లో ఆ పనికి నడిచే జీతం కన్నా తగ్గకుండా ఇవ్వాలి. ఇంకో కంపెనీ మళ్లీ దరఖాస్తు పెడితే ఉద్యోగం మారవచ్చు కూడా. రంగం కూలీతో పోలిస్తే ఇది చాలా నయం. అయినా ఉద్యోగం పోతే 60 రోజులు. అరవయ్యో రోజులోగా ఇంకోటి దొరక్కపోతే, వీసా మార్చుకోలేకపోతే, ఇల్లు, కారు, పిల్లల బడి అన్నీ వదిలి విమానం ఎక్కాలి. గ్రీన్ కార్డు వరసలో ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి ఉండటంతో మనవాళ్లు దశాబ్దాలుగా నిలబడి ఉన్నారు. అలాంటి మనిషి ఆదివారం పని చెప్పినా సరే అంటాడు. మేనేజరు చిన్నబుచ్చినా తలదించుకుంటాడు. ఏసీ గదిలో కూర్చున్నా, లక్షలు సంపాదిస్తున్నా, ఐదింటికి లేచి పోగలిగిన ధైర్యం అతనికి లేదు. పక్క కుర్చీలో ఉన్న అమెరికావాడికి నష్టం ఆ ధైర్యం లేకపోవడం వల్లే.

2025 సెప్టెంబరులో అధ్యక్షుడు ట్రంప్ కొత్త హెచ్ వన్ బీ దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుము ప్రకటించాడు. మన ఊళ్లలో ఆ వారం పెళ్లి సంబంధాలు కూడా కాస్త ఆగి ఆలోచించాయి. ఆ రుసుము గేటు ఎత్తు పెంచుతుంది. గేటు లోపల ఉన్నవాడి కాళ్లకున్న తాడుని మాత్రం ముట్టుకోదు.

ఇక మన చట్టాలు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 జూలైలో ఒక చట్టం చేసింది. ప్రైవేటు పరిశ్రమల్లో కూడా 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని. దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది. హర్యానా అదే దారిలో, నెలకి 30,000 రూపాయల లోపు ఉద్యోగాలకి చట్టం తెచ్చింది. 2023 నవంబరు 17న పంజాబ్ హర్యానా హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. 2024లో కర్ణాటక ఒక బిల్లు సిద్ధం చేసి, గొడవ కాగానే పక్కన పెట్టింది.

కర్ణాటక బిల్లు వార్త వచ్చినప్పుడు బెంగళూరులో పిల్లలున్న మన ఇళ్లలో ఎంత ఆందోళన పుట్టిందో చూశాను. అయిదేళ్ల ముందు మన రాష్ట్రం చట్టం చేసినప్పుడు చప్పట్లు కొట్టిన చేతులే అవి. మన ఫ్యాక్టరీలో ఒడిశావాడు వద్దు. బెంగళూరు ఆఫీసులో మనవాడు కావాలి. ఈ రెండు కోరికలూ ఒకే నోట్లో ఇమిడిపోవడం చూస్తే నాకు నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది. స్థానికుడికి పని దొరకాలన్న ఆశ న్యాయమైనదే. కానీ శాతాల లెక్క ఫ్యాక్టరీ గేటు దగ్గర వేస్తారు. మా మామిడితోటకి గేటు ఏది? ముళ్లకంప ఉంది, దానికో సందు ఉంది.

నేను ఎక్కువ మెచ్చే చట్టం ఇంకోటి ఉంది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం. ఒడిశా నుంచి దాదన్ కూలీలని, అంటే ముందే అడ్వాన్సు తీసుకున్న కూలీలని, తోలుకుపోతున్న తీరు చూసి చేసిన చట్టం. కంట్రాక్టరు వేరే రాష్ట్రం నుంచి అయిదుగురిని గానీ, అంతకు మించి గానీ తెస్తే, అతనికి లైసెన్సు ఉండాలంది. అదే పని చేసే స్థానికుడికి ఎంత కూలో వలస కూలీకీ అంతే ఇవ్వాలంది. దారి ఖర్చులు ఇవ్వాలంది. ఊరు విడిచి వచ్చినందుకు నెల జీతంలో సగం అదనంగా ఇవ్వాలంది. దీనిలో తెలివి గమనించారా? బయటివాణ్ణి రావద్దనలేదు. బయటివాణ్ణి చౌక కానివ్వలేదు. దూరం నుంచి తెచ్చినవాడికి కాస్త ఎక్కువే అయితే, యజమాని ముందు ఊళ్లోవాళ్లని అడుగుతాడు. నిజంగా మనుషులు చాలనప్పుడే దూరం పోతాడు. శాతాల చట్టం చేయలేని పని ఇది చేయగలిగి ఉండేది. అమలు చేస్తే. ఇప్పుడు ఆ చట్టం కొత్త కార్మిక కోడ్‌లో కలిసిపోయింది. 2025 నవంబరు 21 నుంచి ఆ కోడ్ అమల్లోకి వచ్చింది. అయిదుగురి లెక్క పదిమందికి పెరిగింది. ఊరు విడిచినందుకు ఇచ్చే ఆ సగం జీతం కోడ్‌లో లేదు.

వలస కూలీ కాదనలేకపోవడం ఎంతదాకా తీసుకెళ్తుందో 2020 ఏప్రిల్‌లో చూశాం. లాక్‌డౌన్‌లో తెలంగాణ మిరపచేల నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి నడిచి వెళుతూ పన్నెండేళ్ల పిల్ల, ఇల్లు ఇంకాస్త దూరం ఉందనగా దారిలో ప్రాణం విడిచింది. రంగం నుంచి నడిచి వచ్చిన మన తాతల దారికీ ఆ పిల్ల దారికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు.

మంచి కూడా ఒకటి చెబుతాను. రేషన్ కార్డు ఒక రాష్ట్రంలోది ఇంకో రాష్ట్రంలో చెల్లే ఏర్పాటు 2019 ఆగస్టులో మొదట పెట్టిన చోట్లలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. ఇప్పుడది దేశమంతా ఉంది. షెడ్డులో ఉండే కుర్రాడు చింతలపూడి రేషన్ షాపులోనే తన బియ్యం తీసుకోవచ్చు. బియ్యం కోసం మేస్త్రీని అడుక్కోనక్కర్లేదు. తాడు అక్కడ ఒక పోగు తెగింది.

శ్రోతలారా, ఇక నేను చెప్పదలచుకున్నది రెండు ముక్కల్లో చెప్పి ముగిస్తాను. మనోళ్లా బయటోళ్లా అన్న ప్రశ్న పక్కన పెట్టి, ఈ మనిషి కాదనగలడా లేడా అని అడగండి. బయటివాడు కాదనగలిగిన రోజున ఊరివాడికి అతని వల్ల భయం ఉండదు. అతన్ని తరిమేసినా కాదనలేని ఇంకొకడు వస్తాడు, ఊరివాడి భయం అలాగే ఉంటుంది.

నాలాంటి తోటల వాళ్లకి ఒక మనవి. ఈ ఏడు కోతకి ముఠా మాట్లాడేటప్పుడు, రేటు ఇద్దరికీ ఒకటే పెట్టండి. బయటి కుర్రాళ్ల కూలి మేస్త్రీ చేతిలో కాక ఎవరిది వాళ్ల చేతిలో, వాళ్ల ఖాతాలో వేయండి. తిరుగు టికెట్టు డబ్బు మొదటి రోజే వాళ్ల జేబులో పెట్టండి. పోవాలనుకుంటే పోగలిగిన మనిషి ఉండి చేసే పని వేరుగా ఉంటుంది. రాత్రి లోడు తప్పదంటే దానికి వేరే కూలి లెక్క కట్టండి. ఊరి కూలీలకీ ఒక మనవి. షెడ్డులో ఉన్న కుర్రాళ్ల మీద కోపం పెట్టుకోకండి. మీ రేటేదో వాళ్లకి చెప్పండి. వాళ్లకి తెలియక తక్కువకి ఒప్పుకుంటున్నారు. రంగం రేవులో ఆ రెండు ముఠాలూ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుని ఉంటే, ఆ మే నెల వేరేలా గడిచేది.

మా తోటలో నేను చేసింది చిన్న పని. పోయిన వేసవి నుంచి సాయంత్రం ఐదింటికి కోత ఆపేస్తున్నాం. ఊరివాళ్లకీ, షెడ్డువాళ్లకీ ఒకే వేళ. కాయ ఒకరోజు ఆలస్యంగా మార్కెట్‌కి పోయిన సందర్భాలు ఉన్నాయి. కొంత నష్టం వచ్చింది, దాచను. ఆ ముఠా కట్టే ఆవిడ మాత్రం తన మనుషుల్ని తీసుకుని మళ్లీ వచ్చింది. ఇప్పుడు చెట్టుకి ఒకవైపు ఆవిడ మనుషులు, ఒకవైపు ఛత్తీస్‌గఢ్ కుర్రాళ్లు.